పొడి యక్షరముల వెనుక నున్నవారు

మన పూర్వకవులు తమ పేరును దాచుకొనినవారు కారు. ఆశ్వాసాంతమున గద్యము వ్రాసి, తండ్రి పేరు, తమ బిరుదములు, తమ్మనుగ్రహించిన దైవము, ఇవి యన్నియు చెప్పిన పిమ్మటనే ముందునకు సాగిరి. కావుననే తాటాకు ప్రతి మొదలును తుదయు చివికిపోయినను, నడుమ మిగిలిన యొక గద్యమును బట్టి కవి యెవరో నిర్ణయింప వీలగుచున్నది. ఇట్టి సంప్రదాయమునకు అలవడిన మనకు, పదునారవ శతాబ్దమున ఇంగ్లండులో అచ్చయిన పుస్తకములను చూచినప్పు డొక వింత తోచును. ముఖపత్రముమీద ముద్రాపకుని పేరుండును; అతని యంగడి యే వీధిలో నే గుర్తు క్రింద నున్నదో యుండును; గ్రంథకర్త పేరుండవలసిన చోట మాత్రము పెక్కింట రెండే రెండు పొడి యక్షరము లుండును. ఇంటిపేరును కుదించుట మనకును తెలియును. వారు సొంత పేరును గూడ కుదించి, తామెవరో తెలియకుండ చేసికొనిరి.

ఇట్లేల చేసిరి? భయము, లజ్జ, వ్యాపారము అని మూడు కారణములు కన్పట్టుచున్నవి.

మొదటిది భయము. 1546 జూలైలో ఎనిమిదవ హెన్రీ రాజొక శాసనమును చాటించెను. ఆంగ్లభాషలో అచ్చగు ప్రతి పుస్తకముమీదను ముద్రాపకుని పేరు, గ్రంథకర్త పేరు, అచ్చయిన దినము ఉండవలెనని యందలి విధి. ఇది గ్రంథకర్తను గౌరవించుటకు పుట్టినది కాదు. నేరము తోచినప్పుడు పట్టుకొనుటకు పిలక కావలెనని పుట్టినది. పిలక చిక్కినచో నేమగునో 1579లో లోకము చూచెను. ఎలిజబెత్ రాణి ఫ్రెంచి రాజసోదరుడగు ఆంజూ ప్రభువును వరించునను వార్త పుట్టగా, అది దేశమునకు చేటని జాన్ స్టబ్స్ అనునతడు చిన్న పుస్తకము వ్రాసెను. దానిమీద అతని పేరు లేకున్నను పట్టుబడెను. నవంబరు నెలలో వెస్టుమినిస్టరున పదిమంది యెదుట అతని కుడిచేతిని నరికిరి. పుస్తకమును పంచిపెట్టిన విలియం పేజ్ అనువానికిని అదే శిక్ష పడెను. చేయి తెగిన క్షణముననే స్టబ్స్ ఎడమచేత టోపీ తీసి రాణికి జయము పలికెనట! ఇట్టి కాలమున పేరు చెప్పక రెండక్షరములతో సరిపెట్టుకొనిన వానిని పిరికివాడనుట న్యాయము కాదు.

రెండవది లజ్జ. కులీనులు తమ పద్యములను వ్రాతప్రతులుగా మిత్రులలో త్రిప్పుకొనుట గౌరవమనియు, సెయింటు పాల్ దేవాలయపు ముంగిట అంగళ్లలో కొద్ది పెన్నీలకు అమ్మించుట నామర్దా యనియు తలచెడివారు. అచ్చులోనికి రావలెను, వచ్చినట్లు కనబడరాదు! ఈ రెండు కోరికలకును పొడి యక్షరములు చక్కని రాజీ. తెలిసినవారికి తెలియును, తెలియనివారికి తెలియదు. 1579లో స్పెన్సర్ కవి తొలి కావ్యము వెలువడినప్పుడు, దానికి టీక వ్రాసినది ఇ. కె. అను నొక యజ్ఞాతుడు. అతడు కవి మిత్రుడా, కవియే వేసికొనిన మారువేషమా యను వాదము నేటికిని తెగలేదు. జార్జి గాస్కాయిన్ అను కవి ఈ వాడుకనే ఆటగా మార్చెను. 1573లో అతడు ప్రకటించిన ప్రేమకథలో నాయకుడును, దానిని సేకరించినవాడును, అచ్చునకిచ్చినవాడును అందరును పొడి యక్షరములే. ఇది నిజముగా నెవరి కథయో యని జనులు చెవులు కొరుకుకొనిరి.

మూడవది వ్యాపారము. 1557లో రాజపత్రము పొందిన పుస్తకవర్తకుల సంఘపు లెక్కలో పుస్తకము దానిని చిట్టాలో నెక్కించుకొనిన వర్తకుని సొత్తు, వ్రాసినవానిది కాదు. గ్రంథకర్తకు హక్కు నిచ్చిన చట్టము 1710 వరకు రాలేదు. కావున వర్తకుడు పేరు పెట్టినచో లాభమగునన్న పెట్టును, దాచినచో లాభమగునన్న దాచును. పేరువోయిన యొకని యక్షరములను మరియొకని పుస్తకముమీద తగిలించుటకును వెనుదీయడు.

ఈ మూడు కారణములును పురుషులకు చాలును. స్త్రీల విషయమున మరియొకటి చేరును. స్త్రీకి మౌనమే సొమ్మని బోధించిన సంఘములో నోరు తెరచుటయే యొక తప్పు. అచ్చులో తెరచుట రెట్టింపు తప్పు. అట్టి కాలమున పొడి యక్షరముల చాటున బయటికి వచ్చిన మువ్వురు స్త్రీల చరిత్ర మనము ప్రత్యేకముగ తెలిసికొనదగినది.

మొదటి యామె ఎ. ఎల్. 1560లో జాన్ డే అను ముద్రాపకు డొక చిన్న పుస్తకమును వెలువరించెను. హిజ్కియా రాజు రోగవిముక్తుడై పాడిన పాటపై కాల్విన్ చేసిన ప్రసంగముల కది యాంగ్లానువాదము. సఫోకు ప్రభుపత్నికి వ్రాసిన యంకితము క్రింద ఎ. ఎల్. అని యున్నది. ఆమె ఆన్ లాక్, లండను వర్తకుడు హెన్రీ లాక్ భార్య. మేరీ రాణి కాలమున ప్రొటెస్టంట్లను కాల్చి చంపుచుండగా, 1557లో ఆమె యిద్దరు బిడ్డలతో జెనీవా నగరమునకు తరలిపోయెను. అక్కడ చేరిన కొలది దినములకే కూతురు మరణించెను. అట్టి దుఃఖములో ఆమె పనిచేసిన పుస్తక మిది. దాని చివర ఏబదియొకటవ కీర్తన నాధారముగ చేసికొని వ్రాసిన పద్యమాలిక కలదు. పదునాలుగు పంక్తుల సానెట్లు వరుసగా కూర్చిన మాలికలలో ఆంగ్లభాషకు ఇదియే మొదటిది. షేక్స్పియరు సానెట్లు అచ్చగుట కింకను నలువది తొమ్మిది సంవత్సరము లున్నవి! అయినను ఆ పద్యములు మిత్రు డొకరిచ్చినవని ముందు ఒక మాట యున్నందున, ఆమె కవిత్వమును ఆమెకు దక్కనీయక యితరుల కిచ్చినవారును కలరు. అణకువతో పలికిన మాట ఆమెకే ప్రతికూలసాక్ష్యమైనది. మువ్వదియేండ్ల తరువాత, 1590లో, మరియొక యనువాదము ప్రకటించినప్పుడు మాత్రము ఆన్ ప్రౌజ్ అని నాటి తన పూర్తి పేరును ముఖపత్రముమీద నిలిపెను.

రెండవ యామె తన పేరు నొక యక్షర మెక్కువగా చెప్పినది. 1567లో రిచర్డ్ జోన్స్ అచ్చువేసిన చిన్న పద్యగ్రంథముమీద "ఇస్. డబ్ల్యు." అని యుండెను. ఈ 'ఇస్' అను రెండక్షరములు లేకున్నచో ఆమె మనకు దక్కెడిది కాదేమో! ఏలయన ఆనాటి యచ్చులో 'ఐ' అను నక్షరమే 'జె' పనియు చేయుచుండెను. ఒంటి 'ఐ' చూచినచో జాన్ అనియు జేమ్స్ అనియు పురుషుల పేర్లే చదివి యుందురు. ఆమె ఇసబెల్లా విట్నీ; చిత్రములకు పద్యములు కూర్చిన జెఫ్రీ విట్నీ అను కవికి తోబుట్టువు. లండనులో నొక యింట కొలువు చేసి, ఆ కొలువు పోగొట్టుకొనినది. మతవిషయములు కాక లోకవిషయములపై ఆంగ్లమున పద్యములు వ్రాసి అచ్చు వేయించిన స్త్రీలలో తెలిసినంతవరకు ఈమెయే మొదటిది. మాట తప్పిన ప్రియునకు లేఖ వ్రాయుచు, పురుషుల యిచ్చకములను నమ్మవలదని తోడి కన్యలను హెచ్చరించినది.

1573లో ఈమె ప్రకటించిన రెండవ పుస్తకమున, పనిలేక ఊరు విడిచిపోవుచు లండను నగరమునకు వ్రాసిన మరణశాసన మొకటి యున్నది. చేత చిల్లిగవ్వ లేని పనికత్తె, నగరములోని మాంసపు దుకాణములు, రొట్టెల యంగళ్లు, పట్టుబట్టలు, బంగారు నగలు అన్నియు నగరమునకే దానము చేయును! చెరసాలలను మరువలేదు. అప్పులవాళ్ల చెరను తనకై యుంచుకొనవలె ననుకొనెనట. తన్ను నమ్మి అప్పిచ్చువా డుండిన గదా ఆ యర్హత కలుగుట! తన ముద్రాపకుని పుస్తకములు కొనుడని మిత్రులకు చెప్పుటయు మానలేదు. నవ్వుచు చదువుదుము, చదివిన పిదప ఆ నగరము ఆమెకు పట్టెడన్నము పెట్టలేదను మాట గుండెను పట్టుకొనును. పేదరాలి చూపుతో నగరమును చూచిన యిట్టి రచన ఆ కాలమున అరుదు.

మూడవ యామె కొలువుకత్తె కాదు, ప్రభువంశమున మెట్టినది. 1613లో అచ్చయిన "మరియం విషాదాంత నాటకము" ముఖపత్రముమీద ఆమె పాండిత్యమును, శీలమును, కులీనతను ప్రశంసించిన విశేషణము లున్నవి. పేరు మాత్రము ఇ. సి. అని రెండక్షరములే. ఆంగ్లమున నొక స్త్రీ స్వతంత్రముగా రచించి అచ్చున వెలువరించిన నాటకములలో ఇదియే ప్రథమము. కథ యూదుల రాజగు హెరోదుది, అతని భార్య మరియముది. భార్య తన మనసులోని మాటను నలుగురిలో చెప్పవచ్చునా యనునదే యందలి ప్రశ్న. చెప్పరాదు, భార్య తలంపులు సయితము భర్త సొత్తే యని యందలి బృందగానము తీర్పు చెప్పును. మరియము మాటాడును, ప్రాణము కోల్పోవును. ఈ ప్రశ్న నడిగిన రచయిత్రియే తన పేరును బయట పెట్టలేకపోవుటకంటె ఆ నాటకమునకు వేరు వ్యాఖ్యానమేల? ఈమె ఎలిజబెత్ కేరీ, తరువాత ఫాక్లండు ప్రభుపత్ని. 1626లో భర్త యిష్టమునకు మారుగా కథొలిక్ మతమును బహిరంగముగ స్వీకరించి, అతడు పోషణ మాన్పగా దారిద్ర్య మనుభవించెను. సన్న్యాసినియైన కూతురు వ్రాసిపెట్టిన జీవితచరిత్ర 1861లో అచ్చు కాగా, ఆమె చరిత్ర లోకమునకు విశదమైనది.

ఇక పురుషుల యక్షరములలో మిక్కిలి ప్రసిద్ధమైనవి డబ్ల్యు. ఎస్. అనునవి. వీనిని చూచినంతనే ఆంగ్లేయులకు తమ మహాకవి తలపునకు వచ్చును. 1581లో "డబ్ల్యు. ఎస్." పేరిట దేశములోని సామాన్య ఫిర్యాదులను విచారించు సంవాదగ్రంథ మొకటి వెలువడెను. అందు భూస్వామి, వర్తకుడు, రైతు, టోపీలు చేయు పనివాడు, పండితుడు కూడి, ధరలేల పెరిగినవి, దున్నిన పొలములు గొఱ్ఱెల బీళ్లేల యైనవి యని వాదింతురు. ప్రతివాడును రెండవవానిని నిందించును. రాజు నాణెములలో వెండి తగ్గించుటయే ధరల పెరుగుదలకు మూలమని పండితుడు నిదానముగా నిరూపించును. అర్థశాస్త్రమను పేరు పుట్టక పూర్వమే యింత తెలివిగా వ్రాసిన గ్రంథము మరియొకటి ఆ దేశమున కానరాదు. 1751లో నొక పుస్తకవర్తకుడు దీనిని మరల నచ్చొత్తించి, కర్త షేక్స్పియరని చాటెను. 1581 నాటికి షేక్స్పియరునకు పదునేడేండ్లు! అంతియకాదు, గ్రంథము 1549లోనే, అనగా అతడు పుట్టుటకు పదునైదేండ్లు ముందే, రచింపబడినదని తరువాత తేలెను. పిమ్మట విలియం స్టాఫర్డ్ అనిరి, జాన్ హేల్స్ అనిరి. 1969లో మేరీ డ్యూవర్ దీనిని పరిష్కరించి సర్ థామస్ స్మిత్ అను రాజమంత్రికి కర్తృత్వము నొసగెను. నేడు పండితులలో పెక్కురు దీనినే యంగీకరించుచున్నారు.

నాటకములకును ఈ గతియే పట్టినది. 1595, 1602, 1607 సంవత్సరములలో డబ్ల్యు. ఎస్. అక్షరములతో అచ్చయిన మూడు నాటకములను 1664లో షేక్స్పియరు నాటకసంపుటమున చేర్చిరి. వానిని మరల తొలగించుటకు చాలకాలము పట్టెను. ఇది పూర్వుల యమాయకత యనుకొందుమేమో! 1612లో హత్యకు గురియైన విలియం పీటర్ అనువాని స్మృతికై డబ్ల్యు. ఎస్. వ్రాసిన విలాపకావ్యమును, 1989 మొదలు డొనాల్డ్ ఫాస్టర్ అను అమెరికా పండితుడు మాటల లెక్కలు కట్టి షేక్స్పియరుది యని వాదించెను. అది కొన్ని ప్రసిద్ధ సంపుటములలోనికిని ఎక్కెను. 2002లో ఫ్రెంచి పండితుడు మోన్సరా ఆ కావ్యమును జాన్ ఫోర్డ్ కవి రచనలతో పోల్చి, అది ఫోర్డుదే యని చూపగా ఫాస్టరు తన వాదమును విడిచెను. జాన్ ఫోర్డ్ పేరులో ఆ రెండక్షరములలో నొక్కటియైనను లేకపోవుట గమనింపదగినది.

ఈ రెండు విధముల చరిత్రలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నొక సత్యము విస్పష్టమగును. మహాకవి పేరు కొఱకు వెదకినవారికి కోరిక ముందు, నిదర్శనము వెనుక. రెండక్షరములు కలిసినవి గదా యని మిగిలిన దంతయు కలిసినట్లు భావించిరి. ఆ తొందరలో గ్రంథము చెప్పిన మాట వినువారు కరవైరి. ధరల మూలమును చెప్పిన యర్థశాస్త్రగ్రంథము ఒకప్పుడు షేక్స్పియరు బొమ్మకు పీఠముగా మాత్రమే పనికివచ్చినది. ఆ స్త్రీల పేర్లు మాత్రము ఊహచేత కాక సాక్ష్యముచేత లభించినవి. ఒక పుస్తకపు ప్రతిమీద "భార్య ఆన్ యిచ్చిన కాన్క" యని అర్థమిచ్చునట్లు హెన్రీ లాక్ పేర వ్రాసిన వ్రాత. తోబుట్టువులకు వ్రాసిన పద్యలేఖలు. తల్లిని గూర్చి కూతురు వ్రాసిన చరిత్ర: ఇవి యింటిలోని చిన్న వస్తువులు. మహాకవి వేటలో నున్నవారి చూపు వీనిమీద ఆలస్యముగ పడినది.

పేరు తెలియనివా రింకను పెక్కుమంది కలరు. 1593లో "ఫీనిక్స్ గూడు" అను మేలైన పద్యసంకలనమును కూర్చిన ఆర్. ఎస్. ఎవరో నేటికిని నిశ్చయముగ తెలియదు. 1602 నాటి మరియొక సంకలనములో ఎ. డబ్ల్యు. అని యున్నది కవి పేరో, 'పేరులేని రచయిత' యను నర్థమిచ్చు నాంగ్లపదముల తొలి యక్షరములో తేలలేదు. సాక్ష్యము దొరకువరకు వారి నట్లే యుండనిచ్చుట వారి యెడల గౌరవమే గాని యుపేక్ష కాదు. తప్పు పేరు నంటగట్టుటకంటె రెండక్షరములను విడిచియుంచుట మేలు. అక్షరముల వెనుక నున్న మనిషి తెలియకున్నను, ఆ మనిషి వ్రాసిన పుస్తకము మన చేతిలో నున్నది. ముందు దానిని చదువుదము.