అవివాహిత స్త్రీ: నాడు, నేడు

ఖుర్ఆన్ 24వ అధ్యాయమైన అన్‌నూర్‌లో, 32వ ఆయత్‌లో ‘అయామా’ అనే పదం వచ్చింది. జీవిత భాగస్వామి లేనివారు, స్త్రీలైనా పురుషులైనా, పెళ్ళి కానివారైనా భాగస్వామిని కోల్పోయినవారైనా ఈ పదం క్రిందికే వస్తారు. వారికి వివాహం జరిపించే బాధ్యతను ఆ ఆయత్ సమాజంపై ఉంచింది. పెళ్ళి కాకపోవడాన్ని స్త్రీ దోషంగా ఎంచలేదు.

చరిత్ర కూడా దీనినే చెబుతున్నది. మర్వ్‌కు చెందిన కరీమా బిన్తె అహ్మద్ వివాహం చేసుకోలేదు. మక్కాలో సహీహ్ బుఖారీ బోధించి ప్రఖ్యాతి గాంచారు. ఖతీబ్ బగ్దాదీ అంతటి పండితుడు ఆమె వద్ద ఆ గ్రంథం చదివాడు. హి.శ. 463లో ఆమె మరణించారు. షాజహాన్ కుమార్తె జహానారా (1614–1681) సైతం అవివాహితగానే జీవించారు. 1648లో పూర్తయిన ఆగ్రా జామె మస్జిద్ ఆమె సొమ్ముతో వెలసినదే. ఈ ఇరువురినీ లోకం గుర్తుంచుకున్నది వారి విద్యవల్ల, దానగుణంవల్లనే.

అయితే వీరు విద్యాకేంద్రాలకు, రాజభవనాలకు చెందినవారు. ఒకప్పుడు నిజాం రాజ్యంలో భాగమైన మధిర వంటి చోట్ల సామాన్య కుటుంబాల కథ వేరు. వరుడు వధువుకు మహర్ ఇవ్వాలన్నది ఖుర్ఆన్ ఆజ్ఞ (4:4). ఆచారం దానిని తలక్రిందులు చేసింది. మహర్ కాగితం మీద మిగిలింది. కట్నం, ‘జోడా’ సొమ్ము వధువు తండ్రి నెత్తిన పడ్డాయి. ఇచ్చుకోలేని ఇంట్లో కుమార్తె వయస్సు పెరిగిన కొద్దీ నింద ఆమె మీదికే మళ్ళింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా ఈ ఆచారాన్ని రూపుమాపలేకపోయింది.

ఇటీవలి కాలంలో ప్రభుత్వ దృష్టి మారింది. తెలంగాణలో 2014 అక్టోబరులో ‘షాదీ ముబారక్’ పథకం మొదలైంది. పేద ముస్లిం వధువుకు మొదట 51,000 రూపాయలు ఇచ్చారు. 2018లో అది 1,00,116 రూపాయలైంది. 2017 జూన్‌లో ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పింఛను ప్రారంభమైంది. గ్రామాలలో 30, పట్టణాలలో 35 ఏళ్ళు దాటిన అవివాహితలను కూడా అందులో చేర్చారు. 2019లో ఆ మొత్తం 2,016 రూపాయలకు పెరిగింది. మొదటి పథకం పెళ్ళికి తోడ్పడింది. రెండవది పెళ్ళి కాని స్త్రీకి కూడా బ్రతుకు ఉన్నదని అంగీకరించింది.

పింఛను కడుపు నింపవచ్చు, గౌరవాన్ని ఇవ్వలేదు. కట్నం అడిగే ఇల్లు, చూసీ ఊరుకునే మొహల్లా మారనంత కాలం ఆ ఆయత్ మనపై ఉంచిన బాధ్యత తీరనట్లే.