అణాకో దోమ

వేసవిలో ఆరు వారాలు అమెరికా పిల్లల్ని లండన్ తీసుకెళ్ళి గ్లోబల్ హెల్త్ పాఠం చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. పిల్లలంటే పంతొమ్మిది, ఇరవయ్యేళ్ళ వాళ్ళు. మొదటి రోజే ఎవరో ఒకరు అడుగుతారు: ఈ పాఠానికి లండన్ ఎందుకు, ఆఫ్రికాకో ఇండియాకో వెళ్ళాలి కదా అని. జబ్బులు వాళ్ళ దేశాల్లో, వైద్యం మన దేశంలో ఉంటాయనే నమ్మకం అది. నేను వాదన పెట్టుకోను. సోహోకి నడిపిస్తాను.

అప్పటి బ్రాడ్ స్ట్రీట్ ఇప్పుడు బ్రాడ్విక్ స్ట్రీట్. అక్కడ పిడి లేని చేతిపంపు నమూనా ఒకటి పెట్టారు. పక్కనే డాక్టర్ జాన్ స్నో పేరుతో ఒక పబ్. (పాపం, ఆయన మద్యం ముట్టని మనిషి.) 1854 ఆగస్టు 31 నుంచి ఈ వీధుల మీద కలరా విరుచుకుపడి, 600 మందికి పైగా చనిపోయారు. చెడు గాలే కారణమని ప్రభుత్వమూ పెద్ద డాక్టర్లూ నమ్ముతున్న కాలం. స్నో ఇల్లిల్లూ తిరిగి, నీళ్ళే కారణమన్నాడు. దగ్గర్లోని అనాథల వర్క్‌హౌస్‌లో 535 మంది ఉంటే పోయింది ఐదుగురే, వాళ్ళకి సొంత బావి ఉంది. ఆ వీధిలోని బీరు ఫ్యాక్టరీలో 70 మంది పనివాళ్ళలో ఒక్కరూ పోలేదు, వాళ్ళకి తాగడానికి బీరు ఇచ్చేవారు. ఇక్కడ ప్రతి బ్యాచీ నవ్వుతుంది. సెప్టెంబర్ 8న పంపు పిడి ఊడదీశారు.

చాలా ఏళ్ళు నా పాఠం ఇక్కడితో అయిపోయేది. ఒక మేధావి, ఒక మ్యాపు, ఒక పిడి. ఫోటోలు దిగి లంచ్‌కి వెళ్ళిపోయేవాళ్ళం.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. హెన్రీ వైట్‌హెడ్ అని ఆ పేటలోనే పనిచేసే కుర్ర మతగురువు ఉండేవాడు. స్నో చెప్పింది తప్పని నిరూపిద్దామని బయల్దేరాడు. ఆయనకి ప్రతి గుమ్మమూ తెలుసు, చాలామంది చావుల్ని దగ్గరుండి చూశాడు. మళ్ళీ మళ్ళీ వెళ్ళి అడిగాడు. చివరికి స్నో మాటే నిజమని తేలింది. మరణాల రిజిస్టర్లో బ్రాడ్ స్ట్రీట్ 40వ నంబర్ ఇంట్లో, సరిగ్గా పంపు ఎదురుగా, ఐదు నెలల పాప విరేచనాలతో పోయినట్టు ఆయన కంటపడింది. తల్లి సారా లూయిస్ దగ్గరికి వెళ్ళాడు. పాప గుడ్డలు బకెట్లో జాడించి, ఆ నీళ్ళు నేలమాళిగ ముందున్న మరుగు గుంటలో పోశానని ఆవిడ చెప్పింది. తవ్వి చూస్తే, ఆ గుంటకీ బావికీ మధ్య మూడడుగులు కూడా లేవు. ఇటుకలు వదులైపోయి మురికి బావిలోకి దిగుతోంది.

పిడి తీసేనాటికే కలరా తగ్గుముఖం పట్టిందని, కాబట్టి అది ఉత్త నాటకమని కొందరంటారు. కానీ సరిగ్గా సెప్టెంబర్ 8నే ఆ పాప తండ్రి జబ్బుపడ్డాడు. సారా మళ్ళీ అదే గుంటలో బకెట్లు గుమ్మరించింది. పిడి ఉండి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. బిడ్డనీ భర్తనీ పోగొట్టుకున్న మనిషి, అడగ్గానే దాచకుండా అంతా చెప్పింది కాబట్టే ఈ గొలుసు మనకి తెలిసింది. మ్యాపులో ఆవిడ కనపడదు.

సోహో నుంచి కెప్పెల్ స్ట్రీట్‌కి నడక దూరమే. అక్కడి ట్రాపికల్ మెడిసిన్ స్కూల్ బాల్కనీల మీద బంగారు పూతతో దోమ, పేను, పాము ఉంటాయి. గోడ పైభాగాన 23 మంది మగవాళ్ళ పేర్లు. 2019లో ముగ్గురు ఆడవాళ్ళని చేర్చారు. ఆ 23లో రొనాల్డ్ రాస్ ఉన్నాడు. అక్కడ నా గొంతు కొంచెం పెరుగుతుంది. నాది సికింద్రాబాద్ మరి. 1897 ఆగస్టు 20న రాస్ మా ఊళ్ళోనే దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ముందునుంచే నేను స్కూలుకి వెళ్ళేదాన్ని.

రెండేళ్ళ కిందట ఆ గోడ కింద ఒక అమ్మాయి అడిగింది, "ఆ దోమలు ఎవర్ని కుట్టాయి?"

ఒక పేషెంటుని అన్నాను. పేరేమిటంది. పేరు నాకు తెలుసు. పాఠంలో ఎప్పుడూ చెప్పలేదు, అంతే. హుసేన్ ఖాన్. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. పదహారు కాట్లకి ఒక రూపాయి.

"కుడితే ఏమవుతుందో ఆయనకి చెప్పారా?"

లార్వాల నుంచి పెంచిన దోమలవి, ఆయనకి అప్పటికే మలేరియా ఉంది, కొత్తగా అంటేదేమీ లేదు అన్నాను. అది నిజమే. కానీ చెబుతుంటే నాకే సంజాయిషీలా వినపడింది. ఎందుకంటే 1895లో కూడా రాస్ మా ఊళ్ళోనే ఉన్నాడు. దోమలు చచ్చిన నీళ్ళు తాగితే మలేరియా వస్తుందేమోనని అప్పుడు మనుషుల చేత తాగించి చూశాడు. లచ్మన్ అనే ఆరోగ్యంగా ఉన్న మనిషికి జ్వరం వచ్చింది. ఆ ఊహ తప్పని తర్వాత తేలింది. ఈ సంగతీ నాకు తెలుసు. ఊరి మీద అభిమానం కొద్దీ దాటేస్తూ వచ్చాను.

ఆ అమ్మాయి ఇంకేం అడగలేదు. నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది.

ఇప్పుడు పంపు దగ్గర సారా లూయిస్‌తో మొదలుపెడుతున్నాను. బీరు జోకు చివరికి పోయింది. ఈ వేసవిలో కెప్పెల్ స్ట్రీట్ గోడ మీది పేర్లు చదవడం అయ్యాక పిల్లల చేత ఇంకో రెండు పేర్లు పలికించాను. హుసేన్ ఖాన్ తేలిగ్గానే వచ్చింది. లచ్మన్ దగ్గర నాలుకలు మడతపడ్డాయి. మూడోసారికి పలికారు.