అంబాసిడర్ కారు

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారుచేసిన కారు. బ్రిటన్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దీనికి మూలం. 1950ల చివర్లో మొదలైన ఉత్పత్తి 2014 మేలో ఆగింది. 2017లో ఈ పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.

పాత మోడళ్లలో గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉండేది. ముందు సీటు బెంచీలా ఒక్కటే కావడంతో పెళ్లి ప్రయాణాల్లో డ్రైవరు పక్కన ఇద్దరు, ఒళ్లో పిల్లలు సర్దుకునేవారు. తెల్ల అంబాసిడర్ వీధిలోకి వస్తే ఎవరో అధికారి వచ్చాడనే అనుకునేవారు.

ఇప్పుడు దీన్ని ఉంచుకునేవారికి ఓపికే పెట్టుబడి. ముందు చక్రాల కీళ్లలో పాత నల్ల గ్రీజు బయటికి వచ్చేదాకా గన్‌తో కొత్తది ఎక్కించాలి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది, వాటి మధ్య సందు సరిచూడాలి. రబ్బరు మ్యాట్ ఎత్తి చూడటం అన్నిటికంటే ముఖ్యం: దాని కింద తేమ నిలిచి అడుగు రేకు తుప్పు పడుతుంది. ఇంజను బాగుచేయడం తేలిక, తుప్పు తిన్న రేకును నిలబెట్టడం కష్టం.

యాభై ఏళ్లు దాటి, మార్పుచేర్పులు లేని కార్లకు 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. రుసుము 20,000 రూపాయలు.