తాగుడు అలవాటా, జబ్బా? ఇంటివాళ్లు ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లాలి

మేట్టుపాళయం చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో తాగుడు గురించి పైకి మాట్లాడటం తక్కువ. పిల్ల సంబంధం చెడుతుందనో, బంధువుల్లో పరువు పోతుందనో దాచిపెడతాం. దాచినకొద్దీ వైద్యం ఆలస్యమవుతుంది. అందుకే తెలుసుకోవలసిన విషయాలను ఒకచోట చేర్చాం.

జబ్బు అని ఎలా గుర్తించాలి?

ఎంత తాగుతున్నారు అన్నదొక్కటే లెక్క కాదు. ఆపుకోగలుగుతున్నారా అన్నది కూడా చూడాలి. మునుపటి మత్తు కోసం ఇంకా ఎక్కువ తాగడం, పొద్దున చేతులు వణకడం, సీసాలు దాచడం, పనికి తరచూ పోకపోవడం, డాక్టరు వద్దన్నా మానలేకపోవడం గుర్తులు.

నాలుగు ప్రశ్నలు

అమెరికా వైద్యుడు జాన్ యూయింగ్ 1984లో ప్రచురించిన ప్రశ్నలను డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. వాటి సారాంశం ఇది:

1. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?
2. తాగుడు గురించి ఎవరైనా అంటే కోపం వచ్చిందా?
3. తాగినందుకు తప్పు చేశామనిపించిందా?
4. లేవగానే నరాలు కుదురుకోవడానికి తాగవలసి వచ్చిందా?

రెండింటికి అవునంటే డాక్టరును కలవాలి.

ఇంట్లో చేయకూడనివి

చాలా ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగే మనిషిని గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించకండి. మొదటిరోజే వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. దాన్ని గాలి సోకిందని అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మాన్పించడం డాక్టరు కనుసన్నల్లోనే జరగాలి.

డైసల్ఫిరామ్ మాత్రను తెలియకుండా అన్నంలో కలపడమూ ప్రమాదమే. ఆ మాత్ర పడ్డాక తాగితే రక్తపోటు పడిపోవచ్చు, గుండెకు ముప్పు రావచ్చు. రోగికి చెప్పి, డాక్టరు చీటీతోనే వాడాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ఫిట్స్, మతి తప్పడం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, చచ్చిపోతానన్న మాట: వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. మిగతా వేళ ముందుగా ఊళ్లోని గవర్నమెంటు ఆస్పత్రికి, తర్వాత కోయంబత్తూరు మెడికల్ కాలేజీ ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. తాగుడు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. మనసు బాధలకు టెలి మానస్ 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు రుసుము లేదు, పేర్లు బయటపెట్టరు. ఇంటివాళ్ల కోసం అల్‌అనాన్ ఉంది.

మానినవాళ్లు మళ్లీ తాగడం జరుగుతూనే ఉంటుంది. అంతమాత్రాన వైద్యం వృథా అయినట్టు కాదు, మళ్లీ తీసుకెళ్లాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు నోరు విప్పాకే సారా మీద పోరు ఊరూరా పాకింది. మన ఇంట్లోనూ మొదటి మాట మనమే అనాలి. అదీ తాగి ఉన్నప్పుడు కాదు, మత్తు దిగాక, మెల్లగా, పదిమందిలో కాకుండా.