జోల్వా పోగుకీ బొమ్మ విమానానికీ చుట్టరికం

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని జోల్వా మిల్లుల ఊరు. ఇక్కడ పాలిస్టర్ చిప్స్‌ను కరిగించి, సన్నటి రంధ్రాల్లోంచి తోసి, సాగదీసి నూలు చేస్తారు. రెండు రెక్కల పాతకాలపు యుద్ధవిమానాన్ని ప్లాస్టిక్ కిట్‌తో కట్టేవాళ్లు చేసే పనీ ఇలాంటిదే. ముక్కలు తుంచగా మిగిలిన ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి సెగ మీద మెత్తబరిచి, రెండు చేతులతో లాగుతారు. వెంట్రుకంత పోగు సాగుతుంది. రెక్కల మధ్య తీగలకు బదులు దాన్నే అతికిస్తారు. ఈ రెండు పనులనూ కలిపే చుట్టరికం మొదటి ప్రపంచయుద్ధపు గుడ్డరెక్కల దగ్గర మొదలైంది.

గుడ్డ బిగిసిన కథ

ఆనాటి పలచని రెక్క ఒక్కటే బరువు మోయలేదు. అందుకే ఒకదానిపై ఒకటి రెండు రెక్కలు పెట్టి, నడుమ నిట్టాళ్లు నిలిపి, తీగలతో బిగించి వంతెనలా కట్టేవారు. చెక్క చట్రానికి నారబట్ట తొడిగి, పైన ‘డోప్’ అనే పూత పూసేవారు. అది ఆరేకొద్దీ బట్ట డప్పు తోలులా బిగిసేది. నైట్రేట్ డోప్‌కు నిప్పు భయం ఎక్కువ. సెల్యులోజ్ అసిటేట్ డోప్ అంత తేలిగ్గా అంటుకోదు. స్విట్జర్లాండ్‌కు చెందిన డ్రేఫస్ సోదరులు యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లోని స్పాండన్‌లో దాని కోసం ఫ్యాక్టరీ పెట్టారు. 1918లో యుద్ధం ఆగడంతో గిరాకీ పడిపోయింది. అప్పుడు వాళ్లు ఆ అసిటేట్‌నే పోగుగా తీసి, 1921లో కృత్రిమ పట్టునూలుగా బజారుకు తెచ్చారు. ‘సెలనీస్’ అని పేరుపడ్డది అదే. జోల్వాలో నడిచే పాలిస్టర్ 1941లో ఇంగ్లండ్‌లోనే పుట్టింది. మనిషి చేసిన పోగుల వంశంలో అది సెలనీస్‌కు చెల్లెలు.

ఎగరని పక్షి

అసిటేట్ బొమ్మ విమానాల దారి కూడా పట్టింది. 1932లో ‘స్కైబర్డ్స్’ చెక్క కిట్లు 1/72 కొలతను వాడుకలోకి తెచ్చాయి. ఆరడుగులకు ఒక అంగుళం. అంటే ఆరడుగుల మనిషి అంగుళం బొమ్మ అవుతాడు. 1936లో బ్రిటన్‌లోని ‘ఫ్రాగ్’ సంస్థ అదే కొలతలో ప్లాస్టిక్ కిట్లు తెచ్చింది. దాని బొమ్మ విమానాలు అప్పటిదాకా రబ్బరు బలంతో ఎగిరేవి. ఇవి ఎగరవు కనుక ‘పెంగ్విన్’ అని పేరు పెట్టారు. గ్లాడియేటర్, ఫ్యూరీ, షార్క్ అనే మొదటి మూడూ రెండు రెక్కల యుద్ధవిమానాలే. వాటికి వాడిన ప్లాస్టిక్ సెల్యులోజ్ అసిటేట్. నిజం విమానపు గుడ్డను బిగించిన పదార్థమే బొమ్మకు ఒళ్లయింది. అయితే అది కాలం గడిచేకొద్దీ వంకర పోయేది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పాలిస్టైరీన్ ఆ చోటు తీసుకుంది.

రెక్కల మీద మన పేరు

ఈ చరిత్రలో తెలుగునేల పేరూ ఉంది. 1917 నవంబరు 1న ఇంగ్లండ్‌లోని రెండ్‌కోంబ్‌లో 110వ స్క్వాడ్రన్ ఏర్పడింది. దాని డీహెచ్-9ఏ బాంబర్లకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ డబ్బిచ్చారు. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. ఆ విమానాల్లో ఎఫ్1010 ఒంటి మీద ‘హైదరాబాద్ నెం. 12ఏ’ అని రాసి ఉంటుంది. 1918 అక్టోబరు 5న దాడికి వెళ్లి అది జర్మనీ చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. బెర్లిన్ మ్యూజియంలో కొంతకాలం, పోలండ్‌లో కొన్ని దశాబ్దాలు గడిపి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కు మారకంగా బ్రిటన్ చేరింది. ఇప్పుడు లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. యుద్ధానికి పంపిన ఆ సొమ్ము వెనక హైదరాబాద్ రైతుల శిస్తు ఉంది. ఆ పేరు చదివేటప్పుడు వాళ్లనూ తలచుకోవాలి.

ఆ విమానం రెక్కల విస్తారం సుమారు 14 మీటర్లు. 1/72 కొలతలో 20 సెంటీమీటర్లు దాటదు. కట్టేవాళ్లు ముందు కింది రెక్క అతికించి, నిట్టాళ్లు నిలువుగా ఆరాక పై రెక్క దించుతారు. రంగు, అక్షరాలు అయ్యాక ఆఖరున తీగలు. ఒక్క పోగు వదులైనా విమానం బతికినట్టు కనిపించదు. సూరత్ మగ్గాల మీద తరాలుగా పనిచేస్తున్న తెలంగాణ పద్మశాలి ఇళ్లలో పిల్లలకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పోగు బిగువు వాళ్ల వేళ్లకు తెలుసు. వాళ్ల బల్ల మీద ఒక ‘హైదరాబాద్ 12ఏ’ నిలబడితే చూడాలని ఉంది.