బెయిలీ వంతెనయు మద్రాసు సాపర్లును

ఏటి యొడ్డున ఆగిన సేనకు వెనుకడుగే శరణ్యమగుట చరిత్రలో పెక్కుసార్లు జరిగినది. పూర్వము పడవలను వరుసగా గట్టి, వానిపై పలకలు పరచి సైనికులు నదులు దాటుచుండిరి. కాలిబంటులకును గుఱ్ఱములకును అది చాలెను. టాంకుల బరువు పెరిగిన కొలది పాత వంతెనలు వానిని మోయలేకపోయెను.

ఇంగ్లండు యుద్ధశాఖలో సివిలు ఉద్యోగియైన డొనాల్డు బెయిలీ దీనికి మార్గము చూపెను. అతడు కల్పించిన వంతెన 1941 మే నెలలో క్రైస్టుచర్చి పట్టణమున పరీక్షింపబడి, 1942 నవంబరులో ట్యునీషియా యుద్ధరంగమున మొదటిసారిగా ఉపయోగపడెను.

దాని కీలకమంతయు ఒక ఉక్కు చట్రములో నున్నది. పొడవు 10 అడుగులు, ఎత్తు సుమారు 5 అడుగులు, బరువు దాదాపు 570 పౌనులు. దానిని ఆరుగురు మోయగలరు. బరువును ఆ హద్దు మీఱనీయకుండుటయే బెయిలీ బుద్ధిసూక్ష్మత. క్రేను అక్కఱలేదు; సామాన్యమైన లారీ చాలును. ఏ చట్రమైనను మఱి యే చట్రముతోనైనను ఉక్కు చీలలతో అతుకును. హెచ్చు బరువు పోవలెనన్న ప్రక్కకు మఱియొక వరుసయో, మీదికి మఱియొక అంతస్తో చేర్చిన సరిపోవును.

దానిని ఏటిపైకి తోయు విధానమే మిక్కిలి ముచ్చటైనది. ఆవలి గట్టున సాయము పట్టువాడుండడు. ఉన్నవాడు శత్రువే కావచ్చును. అందుచే ఈవలి గట్టుననే రోలర్లపై వంతెనను కూర్చి, ముందు తేలికయైన ‘ముక్కు’ నొకదానిని తగిలింతురు. వెనుక బరువు హెచ్చుగా నుండుటచే, తోయుచుండగా అది గాలిలో ముందునకు సాగునే గాని నీట గూలదు. ఎడ్లబండిలో ముందువెనుకలు సరిచూచి బస్తాలు వేయువారికి ఈ సూత్రము వింతగాదు. కొస క్రిందికి వ్రేలును గనుక, ముక్కును ముందే కొంత పైకి వంచి యుంతురు. ఆవలి గట్టు నందుకొనిన పిమ్మట ముక్కు విప్పి, వంతెనను జాకీలతో దింపి, పలకలు పరతురు.

ఏఱు మిక్కిలి వెడల్పైనచో ఈ చట్రములనే తేలు పడవలపై నిలుపుదురు. 1944 డిసెంబరులో బర్మాలోని కలేవా యొద్ద చింద్విను నదిపై అట్లు వేసిన వంతెన పొడవు 1,154 అడుగులు.

భారతసేనలో ఈ పని సాపర్లది. వారిలో మద్రాసు సాపర్లు బెంగుళూరు తెలుగువారికి ఇరుగుపొరుగువారే. 1780లో రెండు పయొనీరు కంపెనీలుగా మద్రాసు రాజ్యమున పుట్టిన ఆ దళము, 19వ శతాబ్దిలో బెంగుళూరునకు తరలి, హలసూరు చెఱువు చెంత నెలకొనెను. దక్షిణదేశపు పలుభాషలవారు అందున్నారు, తెలుగువారును ఉన్నారు. అయినను లోకము వారినందఱిని ‘తంబి’ యనియే పిలిచినది. తమ్ముడను అర్థముగల ఆ తమిళపదము తెలుగు సిపాయికిని బిరుదమయ్యెను. ఆ పిలుపు చాటున అతని భాష పైకి కానరాకపోయెను. ప్రవాసాంధ్రుల చరిత్ర వ్రాయువారు ఈ దళమును మఱచుట కిదియు నొక కారణము కావచ్చును.

2024 జులై 30న కేరళలోని వయనాడులో కొండచరియలు విఱిగిపడి, చూరల్‌మల వంతెన కొట్టుకొనిపోయెను. ఆవలనున్న ముండక్కైలో జనులు చిక్కుపడిరి. మద్రాసు సాపర్లు పోయి, రాత్రియు నిదుర మాని, 190 అడుగుల బెయిలీ వంతెనను కూర్చిరి. 24 టన్నుల బరువు మోయగల ఆ వంతెన ఆగస్టు 1 సాయంకాలమునకు సిద్ధమయ్యెను. దానిమీదుగా అంబులెన్సులును, మన్ను తోడు యంత్రములును ఆవలి గట్టునకు సాగినవి.