పరచీ రాసే చేతి నీయత్

దవాఖానా నుంచి బయటికొచ్చి మందుల దుకాణం ముందు నిలబడగానే మన ఇళ్లలో ఒకటే సవాల్ లేస్తుంది: ఇన్ని టెస్టులు మర్జ్ కోసం రాశాడా, బిల్లు కోసం రాశాడా? మా అమ్మీ పాత పరచీలన్నీ దస్తర్‌ఖాన్ మీద పరిచి కొత్తదాంతో ముకాబలా చేసేది. జవాబు దొరికేది కాదు. డాక్టర్ దిల్‌లో ఏముందో చీటీ మీద ఉండదు కదా.

1963లో అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో ఈ పేచీ గురించే రాశాడు. తనకేం కావాలో మరీజ్‌కు తెలియదు, తెలిసినవాడే అమ్మేవాడు. కాబట్టి వైద్యం కూరగాయల బజార్ కాదు. సరే, ఫీజు పద్ధతి మారితే డాక్టర్ మారతాడా? అసలు దవాఖానాల్లో తేల్చడం ముష్కిల్. రోగులూ వేరు, డాక్టర్లూ వేరు.

దారి జర్మనీలోని బాన్‌లో దొరికింది. అక్కడ ఆర్థిక ప్రయోగశాల పెట్టింది రైన్‌హార్డ్ జెల్టెన్. తండ్రి యూదుడైనందుకు నాజీల జమానాలో 14 ఏళ్లకే స్కూలు వదిలిన పిల్లవాడు, 1994లో నోబెల్ అందుకున్నాడు. హైకే హెన్నిగ్-ష్మిట్, డేనియల్ వీజెన్‌లతో కలిసి ఆయన చేసిన తజ్‌రుబా 2011లో అచ్చయింది.

40 మందికి పైగా వైద్య విద్యార్థులను కంప్యూటర్ల ముందు డాక్టర్లుగా కూర్చోబెట్టారు. ఒక్కో రోగికి 0 నుంచి 10 దాకా ఎన్ని సేవలివ్వాలో వాళ్లే తేల్చాలి. ఒక జట్టుకు సేవకింత, ఇంకో జట్టుకు మనిషికింత అని ముఖర్రర్ రకం. సేవలు తక్కువైనా రోగికి నుక్సానే, మితిమీరినా నుక్సానే.

గదిలో రోగి లేడు, మరి రహమ్ ఎవరిమీద? ఇక్కడే వాళ్ల అఖల్ నాకు నచ్చింది. తెర మీది రోగికి కలిగిన ఫాయిదాను పైసల్లోకి మార్చి, మోతియాబింద్ ఆపరేషన్ల కోసం ఒక ధర్మసంస్థకు పంపారు. జింబాబ్వేలో నిజం మనుషుల కళ్లు! మాట తప్పలేదనడానికి విద్యార్థుల్లోంచే ఒకరిని గవాగా తీసి, పోస్టుడబ్బా దాకా వెంట తీసుకెళ్లారు.

సేవకింత జట్టు అవసరానికి మించి ఇచ్చింది, మనిషికింత జట్టు తగ్గించి ఇచ్చింది. జబ్బు ముదిరినవాళ్లకు మొదటిది మేలు, తేలికపాటి వాళ్లకు రెండోది. అయితే పైసా కోసమే అందరూ రాయలేదు; రోగి కోసం సొంత లాభం వదులుకున్నవాళ్లూ ఉన్నారు.

విద్యార్థులు డాక్టర్లవుతారా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. జానెట్ బ్రోసిగ్-కోఖ్ బృందం ఇదే ఆటను అసలు డాక్టర్లతో ఆడించి 2016లో ప్రకటించింది. వాళ్లూ అటే వంగారు, కాకపోతే కొంచెం తక్కువ.